పటం మీద సెంటీమీటరు, పొలంలో పది మీటర్లు

(రైతు సంఘం శిక్షణ తరగతిలో ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు, సంఘ సభ్యుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతిలో మద్దతు ధర గురించో, ఎరువుల గురించో, పంటల బీమా గురించో మాట్లాడతామని చాలామంది అనుకొని వచ్చి ఉంటారు. ఆ పోరాటాలు ఉన్నాయి, ఉంటాయి కూడా. ఈ పూట మాత్రం హైస్కూలు పిల్లల లెక్కల పుస్తకంలోని ఒక పాఠం గురించి మాట్లాడాలని సంఘం నిర్ణయించింది. అది స్కేలు పాఠం. పెద్ద స్థలాన్ని చిన్న కాగితం మీద కొలత తప్పకుండా గీయడం, ఆ కాగితాన్ని చూసి మళ్లీ స్థలాన్ని లెక్కగట్టడం.

రైతు సంఘానికి ఈ పాఠంతో పనేమిటి? మన దగ్గరకు వచ్చే భూమి తగాదాల్లో చివరికి బల్ల మీదకు వచ్చేది ఒక పటమే. ఆంధ్రాలో దాన్ని ఎఫ్‌ఎంబీ అంటాం. తెలంగాణలో టిప్పన్ అంటారు, ఊరంతటికీ కలిపి ఉండేదాన్ని నక్షా అంటారు. రీసర్వే జరిగిన గ్రామాల్లో ఎల్‌పీఎం అనే కొత్త పటం వచ్చింది. పాస్ పుస్తకంలో ఎకరాలు, సెంట్లు చదవగలిగిన రైతు కూడా ఆ పటం దగ్గరకు వచ్చేసరికి ఆగిపోతాడు. సర్వేయరు ఏం చెబితే అది, పక్కవాడు ఏం చెబితే అది. అదే ఇంట్లో పదో తరగతి చదివే అమ్మాయో అబ్బాయో ఉంటారు. సరూప త్రిభుజాల మీద ప్రశ్నకు జవాబు రాస్తారు. ఆ త్రిభుజాలే నాన్న చేతిలోని కాగితం మీద ఉన్నాయని వాళ్లకు ఎవరూ చెప్పరు. బడికీ పొలానికీ మధ్య ఉన్న ఈ ఎడం తగ్గించాలన్నదే మా ప్రతిపాదన.

స్కేలు అంటే ఏమిటి

ఎఫ్‌ఎంబీ నకలు మీద 1:1000 అనో, 1:2000 అనో ఉంటుంది. 1:1000 అంటే కాగితం మీద ఒకటి, నేల మీద వెయ్యి. ఒకటి ఏమిటి, వెయ్యి ఏమిటి అని పిల్లలు అడుగుతారు. ఏదైనా సరే, రెండూ ఒకే కొలత అయితే చాలు. కాగితం మీద ఒక సెంటీమీటరు అయితే నేల మీద వెయ్యి సెంటీమీటర్లు, అంటే పది మీటర్లు. కాగితం మీద ఒక అంగుళం అయితే నేల మీద వెయ్యి అంగుళాలు. ఇక్కడే పిల్లలు ఎక్కువగా పొరపడతారు. 1:1000 చూడగానే ఒక సెంటీమీటరుకు వెయ్యి మీటర్లని రాసేస్తారు. ఉపాధ్యాయులు ఈ ఒక్క మాట దగ్గర తొందరపడకుండా ఒక పీరియడంతా కూర్చోవాలని మా విన్నపం.

రెండో తికమక ఏ స్కేలు పెద్దది అన్నది. 5000 పెద్ద అంకె కాబట్టి 1:5000 పటంలో పొలం పెద్దగా కనిపిస్తుందని పిల్లలు అనుకుంటారు. జరిగేది అందుకు తిరగబడి ఉంటుంది. 100 మీటర్ల గట్టు 1:1000 పటంలో 10 సెంటీమీటర్లు ఉంటే, 1:5000 పటంలో 2 సెంటీమీటర్లే ఉంటుంది. భాగించే అంకె పెరిగేకొద్దీ బొమ్మ చిన్నదవుతుంది.

పాత కాలంలో ఈ లెక్క గొలుసులతో జరిగేది. ఎడ్మండ్ గుంటర్ అనే ఇంగ్లండు గణితవేత్త 1620లో రూపొందించిన గొలుసు పొడవు 66 అడుగులు. దానికి 100 లింకులు. ఒక్కో లింకు 7.92 అంగుళాలు. వినడానికి వింతగా ఉన్న ఈ కొలతలో ఒక సౌలభ్యం ఉంది. పది చదరపు గొలుసులు సరిగ్గా ఒక ఎకరం, అంటే లక్ష చదరపు లింకులు ఒక ఎకరం. వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. 500 లింకుల పొడవు, 200 లింకుల వెడల్పు ఉన్న మడిని గుణిస్తే లక్ష వస్తుంది, అంటే ఎకరం. పాత ఎఫ్‌ఎంబీలో కొలతలు లింకుల్లో ఉంటే పిల్లలు నోటితోనే లెక్క చెప్పగలరు.

అయితే లింకులను అడుగులుగా చదివితే మాత్రం కొంప మునుగుతుంది. 250 లింకులంటే 165 అడుగులే. 250 అడుగులనుకొని పక్కవాడి చేలోకి 85 అడుగులు జరిగి రాయి వెతికితే దొరకదు. గొడవ మాత్రం దొరుకుతుంది. పటం చేతికి రాగానే మొదట చూడాల్సింది కొలత లింకుల్లో ఉందా, మీటర్లలో ఉందా అన్నది. రెండోది స్కేలు. మూడోది ఉత్తరం ఎటు ఉందన్నది. ఈ మూడూ చూడకుండా గీతల మీద వేలు పెట్టకూడదని పిల్లలకు అలవాటు చేయాలి.

పొడవు ఒక లెక్క, విస్తీర్ణం వేరే లెక్క

స్కేలు పాఠంలో అసలు కీలకం ఇది. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు ఉన్న కూరగాయల మడిని ఇరవై మీటర్లు, ఇరవై మీటర్లు చేశామనుకుందాం. చుట్టూ వేసే కంచె రెట్టింపవుతుంది. లోపల పెట్టే నారు మాత్రం నాలుగు రెట్లు కావాలి. పొడవు రెండింతలైతే విస్తీర్ణం రెండు రెళ్లు నాలుగింతలు, మూడింతలైతే తొమ్మిదింతలు. వ్యవసాయ కుటుంబంలోని పిల్లలకు దీన్ని నారుకట్టలతో చెబితే ఒక్కసారికే పట్టుకుంటారు. సూత్రం తర్వాత రాయించవచ్చు.

పటం మీద కూడా ఇదే. 1:1000 పటంలో ఒక సెంటీమీటరు పది మీటర్లు కాబట్టి, ఒక చదరపు సెంటీమీటరు వంద చదరపు మీటర్లు అవుతుంది. సెంటు అంటే 40.47 చదరపు మీటర్లు. గుంట అంటే 101 చదరపు మీటర్ల పైచిలుకు. కాబట్టి 1:1000 పటంలో ఒక గడి దాదాపు రెండున్నర సెంట్లు, అంటే సుమారు ఒక గుంట. ఎకరానికి నలభై గడుల పైన కొంచెం వస్తాయి. గ్రాఫు కాగితం మీద పొలం గీసి గడులు లెక్కపెడితే విస్తీర్ణం ఉజ్జాయింపుగా తేలిపోతుంది. సగం కంటే ఎక్కువ నిండిన గడిని ఒకటిగా లెక్కించి, సగం కంటే తక్కువదాన్ని వదిలేస్తే చాలు. ఏడో తరగతి పిల్లలు కూడా చేయగలరు.

1:2000 పటంలో ఒక గడి 400 చదరపు మీటర్లు, అంటే దాదాపు పది సెంట్లు. పాత గ్రామ పటాలు మైలుకు 16 అంగుళాల స్కేలులో ఉండేవి. అందులో ఒక అంగుళం అయిదు గొలుసులు, అంటే 330 అడుగులు. ఒక చదరపు అంగుళం సరిగ్గా రెండున్నర ఎకరాలు. ఈ లెక్కలు తరగతి గోడ మీద రాసి పెట్టాలి. పంచాయతీ కార్యాలయం గోడ మీద రాసినా మంచిదే.

నకలు తీసినప్పుడు జరిగే మోసం

ఇక్కడ మోసం చేసేది మనిషి కాదు, యంత్రం. ఎఫ్‌ఎంబీని నెట్‌సెంటర్‌లో ప్రింటు తీయిస్తాం. కాగితంలో పట్టలేదని ప్రింటరు బొమ్మను తొంభై శాతానికి కుదిస్తుంది. పైన 1:1000 అన్న అక్షరాలు మాత్రం అలాగే ఉంటాయి. 10 సెంటీమీటర్లు ఉండాల్సిన గీత 9 సెంటీమీటర్లకు వస్తుంది. స్కేలు నమ్మి కొలిస్తే 100 మీటర్ల గట్టు 90 మీటర్లుగా తేలుతుంది. పొడవులో పదో వంతు పోతే విస్తీర్ణంలో ఎంత పోతుంది? తొమ్మిది తొమ్మిదులు ఎనభై ఒకటి. ఎకరం భూమి 81 సెంట్లుగా కనిపిస్తుంది. ఎవరూ గట్టు జరపలేదు, ఎవరూ రాయి పీకలేదు, కాగితం మీద మాత్రం 19 సెంట్లు పోయాయి. ఇలాంటి కాగితం పట్టుకొని అన్నదమ్ములు కొట్టుకోకూడదు.

దీనికి విరుగుడు తేలిక. పటంలో ఏదో ఒక గీత పక్కన రాసి ఉన్న కొలతను చూడాలి. ఆ గీతను స్కేలుబద్దతో కొలవాలి. 100 మీటర్లని రాసి ఉన్న గీత 10 సెంటీమీటర్లు ఉంటే ఆ నకలు 1:1000గా పనికొస్తుంది. 9 సెంటీమీటర్లే ఉంటే దాని అసలు స్కేలు 1:1000 కాదు, దాదాపు 1:1111. రాసిన కొలతకూ గీసిన గీతకూ తేడా వస్తే రాసిన కొలతనే పట్టుకోవాలి. తెలంగాణలోని టిప్పన్ల విషయంలో ఇది మరీ అవసరం. టిప్పన్‌లోని ఆకారం స్కేలుకు సరిపోకపోవచ్చు, అందులో రాసిన అంకెలే ముఖ్యం. ఆ అంకెలు తీసుకొని గ్రాఫు కాగితం మీద స్కేలు ప్రకారం మళ్లీ గీయించడం ఎనిమిది, తొమ్మిది తరగతులకు చక్కటి అభ్యాసం.

నాలుగు గట్లు కొలిస్తే పొలం తేలుతుందా

చాలా ఊళ్లలో ఒక అలవాటు ఉంది. పొలం నాలుగు వైపులా టేపు పెడతారు. ఎదురెదురు గట్లను కలిపి సగం చేస్తారు. రెండు సగాలనూ గుణిస్తారు. దున్నకం కూలి, నాటు కూలి, కోత యంత్రం బాడుగ ఈ లెక్క మీదే నడుస్తాయి. ఒక్కోసారి అమ్మకాలు కూడా. ఈ పద్ధతి సరైనదేనా అని పిల్లల చేత పరీక్ష పెట్టించాలి.

నాలుగు సమానమైన వెదురు పుల్లలు తీసుకొని మూలల్లో దారంతో కట్టించండి. చతురస్రం వస్తుంది. ఒక మూలను పక్కకు నెట్టండి. పుల్లలు అవే, పొడవులు అవే, లోపలి జాగా మాత్రం తగ్గిపోతుంది. ఇంకా నెడితే నాలుగు పుల్లలూ ఒకదాని మీద ఒకటి పడి జాగా ఏమీ మిగలదు. నాలుగు గట్ల కొలతలతో పొలం ఆకారం నిలవదని పిల్లలు కళ్లతో చూస్తారు. ఇప్పుడు ఎదురు మూలలను కలుపుతూ అయిదో పుల్ల అడ్డంగా కట్టండి. ఇక కదలదు. ఆ అయిదో పుల్లే కర్ణం. ఎఫ్‌ఎంబీలో పొలం మధ్యగా అడ్డంగా కనిపించే గీతలు ఎందుకున్నాయో అప్పుడు అర్థమవుతుంది. అక్కడ గట్లు లేవు, కాలువలు లేవు. పొలం ఆకారాన్ని బిగించి పట్టుకోవడానికి గీసిన గీతలవి.

ఒక లెక్క చేద్దాం. పొలం మూలలకు క, ఖ, గ, ఘ అని పేర్లు పెడదాం. క నుంచి ఖ 60 మీటర్లు. ఖ నుంచి గ 80 మీటర్లు. గ నుంచి ఘ 80.6 మీటర్లు. ఘ నుంచి క 50 మీటర్లు. మధ్యలో క నుంచి గ వరకు కర్ణం 100 మీటర్లు. 1:1000 స్కేలుతో ముందు 10 సెంటీమీటర్ల కర్ణం గీయాలి. క దగ్గర వృత్తలేఖిని పెట్టి 6 సెంటీమీటర్లతో, గ దగ్గర పెట్టి 8 సెంటీమీటర్లతో చాపాలు గీస్తే ఒక పక్క ఖ దొరుకుతుంది. అలాగే రెండో పక్క 5, 8.06 సెంటీమీటర్లతో ఘ దొరుకుతుంది. గీతలు కలిపితే పొలం తయారు.

ఇప్పుడు మూలమట్టంతో ఖ నుంచి కర్ణం మీదికి లంబం గీసి కొలిస్తే 4.8 సెంటీమీటర్లు వస్తుంది, అంటే 48 మీటర్లు. ఘ నుంచి గీస్తే 4 సెంటీమీటర్లు, అంటే 40 మీటర్లు. సర్వేయర్లు ఆఫ్‌సెట్ అనేది ఈ లంబాలనే. రెండు లంబాలు కలిపితే 88. దాన్ని కర్ణం 100తో గుణించి సగం చేస్తే 4400 చదరపు మీటర్లు. సెంట్లలో 108.7, అంటే ఎకరా ఎనిమిదిన్నర సెంట్ల పైన.

ఊరి లెక్క ప్రకారం ఎంత? 60, 80.6 కలిపి సగం చేస్తే 70.3. 80, 50 కలిపి సగం చేస్తే 65. గుణిస్తే 4569.5 చదరపు మీటర్లు, దాదాపు 113 సెంట్లు. నాలుగు సెంట్లు ఎక్కువ. ఈ పద్ధతిలో ఎప్పుడూ ఎక్కువే వస్తుంది. పొలం సరిగ్గా దీర్ఘచతురస్రంగా ఉంటేనే సమానంగా వస్తుంది. పొలం ఎంత వంకరగా ఉంటే అంత ఎక్కువ చూపిస్తుంది. కొనే రైతు లేని నాలుగు సెంట్లకు డబ్బు కడతాడు. దున్నకానికీ కోతకూ ప్రతి పంటకూ లేని భూమికి బాడుగ కడతాడు. కూలి వాళ్లకు ఇందులో లాభమే కదా అని ఎవరైనా అనవచ్చు. పని కొలత సరిగా ఉండి, కూలి రేటు న్యాయంగా ఉండాలన్నది మన సంఘం మాట. దొంగ కొలతతో ఎవరికీ మేలు జరగదు.

పంపకాల దగ్గర

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు పొలం పంచుకునే చోట ఈ చదువు మరీ అవసరం. రోడ్డు పక్క 90 మీటర్లు, వెనక వైపు 30 మీటర్లు ఉండి, లోతు 90 మీటర్లున్న పొలం అనుకుందాం. ముగ్గురికి మూడు ముక్కలు చేయాలి. లోతును 30 మీటర్ల చొప్పున మూడుగా కోస్తే సమానమని పెద్దమనుషులు చెబుతారు. స్కేలు ప్రకారం గీసి చూడండి. రోడ్డు ముక్క 2400 చదరపు మీటర్లు, మధ్య ముక్క 1800, వెనక ముక్క 1200. ముందువాడికి 59 సెంట్లు, వెనకవాడికి దాదాపు 30 సెంట్లు. సరిగ్గా సగం. అదే పొలాన్ని రోడ్డు వైపు 30 మీటర్ల చొప్పున, వెనక వైపు 10 మీటర్ల చొప్పున గుర్తు పెట్టి నిలువుగా కోస్తే ముగ్గురికీ 1800 చొప్పున వస్తుంది. ముగ్గురికీ రోడ్డు కూడా తగులుతుంది.

ఆడపిల్లలకు ఆస్తిలో సమాన వాటా ఉందని 2005 చట్ట సవరణ దేశమంతటికీ చెప్పింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అంతకు ముందే చట్టం వచ్చింది. వాటా కాగితం మీద రాశాక ఏ ముక్క ఎంతుందో చూసుకోగలగాలి. అందుకే పటం గీసే పనిలో అమ్మాయిలను అంకెలు రాసుకోవడానికే పరిమితం చేసి, టేపూ గొలుసూ అబ్బాయిల చేతికి ఇవ్వకూడదు. ఇద్దరూ రెండూ చేయాలి.

గీత మందం ఖరీదు

మరో సంగతి. ఏ పటాన్ని ఎంతవరకు నమ్మాలో కూడా స్కేలే చెబుతుంది. పెన్సిల్ గీత మందం అర మిల్లీమీటరు అనుకుందాం. 1:5000 గ్రామ పటంలో ఆ అర మిల్లీమీటరు నేల మీద రెండున్నర మీటర్లు. 200 మీటర్ల గట్టు పొడవునా రెండున్నర మీటర్లంటే 500 చదరపు మీటర్లు, 12 సెంట్ల పైన. కేవలం గీత మందంలో 12 సెంట్లు దాగి ఉన్నాయి. గ్రామ పటం పట్టుకొని గట్టు తేల్చడానికి ఎవరైనా వస్తే ఒప్పుకోకూడదు. ఏ సర్వే నంబరు పక్కన ఏది ఉంది, పుంత ఎటు పోతోంది, చెరువు ఎక్కడుంది అన్నవి గ్రామ పటం చెబుతుంది. గట్టు తేల్చాలంటే ఎఫ్‌ఎంబీ కొలతలు కావాలి, నేల మీద రాళ్లు కావాలి.

భూసేకరణలోనూ ఇదే. 30 మీటర్ల రోడ్డు మన పొలంలో 120 మీటర్ల మేర పోతే 3600 చదరపు మీటర్లు, దాదాపు 89 సెంట్లు పోతాయి. చిన్న స్కేలు పటం మీద వెడల్పును అర మిల్లీమీటరు తక్కువగా చదివితే ఏడు సెంట్ల పరిహారం ఎగిరిపోతుంది. 2013 భూసేకరణ చట్టం ప్రకారం ప్రాథమిక నోటిఫికేషన్ వెలువడ్డాక అభ్యంతరాలకు 60 రోజుల గడువు ఉంది. జాతీయ రహదారుల చట్టం కింద అయితే 21 రోజులే. ఆ రోజుల్లో రైతు రాసే అర్జీలో ‘మాకు అన్యాయం జరిగింది’ అని మాత్రమే ఉంటే అధికారి ఒక వాక్యంతో పక్కన పెడతాడు. ఫలానా నంబరులో ఫలానా గీత వెంట ఇంత పొడవు, ఇంత వెడల్పు, ఇంత విస్తీర్ణం, నోటీసులో చూపింది ఇంత అని పటం జత చేస్తే జవాబు చెప్పక తప్పదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేలో డ్రోన్లు, ఉపగ్రహ సంకేతాలతో పనిచేసే పరికరాలు వాడారు. కొత్త పటాల్లో విస్తీర్ణం తగ్గిందనీ, హద్దులు మారాయనీ ఎందరో రైతులు మొర పెట్టుకున్నారు. తెలంగాణలో భూభారతి చట్టం 2025లో వచ్చింది, రిజిస్ట్రేషన్లకు సర్వే పటం జతచేసే పద్ధతి వైపు అడుగులు పడుతున్నాయి. రెండు రాష్ట్రాల్లోనూ రానున్న రోజుల్లో మాటకంటే పటానికే విలువ. పరికరం ఎంత గొప్పదైనా గట్టు ఎక్కడుందో చూపగలదు కానీ, ఆ గట్టును గత ఏడాది ఎవరు జరిపారో చూపలేదు. నేల మీద చెమటోడ్చే కౌలు రైతు ఏ పటంలోనూ కనిపించడు. కాబట్టి పటమే సర్వస్వమని మేము చెప్పడం లేదు. పటాన్ని చదవలేని వాడు అందులో లేనిదేమిటో కూడా చెప్పలేడు. అందుకే చదవడం నేర్చుకోవాలంటున్నాం.

బడిలో ఎలా చెప్పాలి

ఉపాధ్యాయులు రెండు ఇబ్బందులు చెబుతారు. ఒకటి, సిలబస్ పూర్తి కాదు. రెండు, పరికరాలు లేవు. మొదటిదానికి మా జవాబు, ఇది సిలబస్‌లో ఉన్నదే. నిష్పత్తి ఉంది, అనులోమానుపాతం ఉంది, త్రిభుజ నిర్మాణాలు ఉన్నాయి, వైశాల్యాలు ఉన్నాయి, పదిలో సరూప త్రిభుజాలు ఉన్నాయి. సాంఘిక శాస్త్రంలో పటాలు చదవడం ఉంది. వీటన్నిటినీ ఒక తాడు మీదకు తేవడమే మేము కోరేది. రెండోదానికి, 30 మీటర్ల టేపు ఒకటి, నాలుగు కర్రలు, తాడు, గ్రాఫు కాగితాలు చాలు. అవి కొనిపెట్టే బాధ్యత గ్రామ శాఖలది.

మొదటి మెట్టు తరగతి గది. ఒక సెంటీమీటరుకు ఒక మీటరు. 8 మీటర్ల గది 8 సెంటీమీటర్లవుతుంది. తలుపు, కిటికీ, నల్లబల్ల ఎక్కడున్నాయో అక్కడే రావాలి. రెండో మెట్టు బడి ఆవరణ. ఇప్పుడు పాత స్కేలు పనికిరాదు. 80 మీటర్ల ఆవరణ 80 సెంటీమీటర్ల కాగితం అడుగుతుంది. ఏ స్కేలు ఎంచుకోవాలో పిల్లలే తేల్చాలి. ఒక సెంటీమీటరుకు అయిదు మీటర్లు పెడితే 16 సెంటీమీటర్లలో పడుతుంది. స్కేలు ఇచ్చి గీయమనడం కంటే స్కేలు ఎంచుకోమనడంలో ఎక్కువ చదువు ఉంది. మూడో మెట్టు వంకర టింకర స్థలం. కర్ణం, లంబాలు అక్కడ వస్తాయి. నాలుగో మెట్టు అసలు ఎఫ్‌ఎంబీ లేదా టిప్పన్ నకలు. ఒక్కో పిల్లవాడు గీసిన పటం విస్తీర్ణం రికార్డులోని విస్తీర్ణంతో ఎంత దగ్గరగా ఉందో పోల్చాలి. ఒకటి రెండు సెంట్ల తేడా వస్తే పిల్లవాడిని తిట్టకూడదు. తేడా ఎక్కడ నుంచి వచ్చిందో వెతికించాలి. టేపు వదులుగా పట్టారా, లంబం వాలిందా, మిల్లీమీటర్లు తప్పు చదివారా అన్నది చూడాలి.

కొన్ని జాగ్రత్తలు. తగాదాలో ఉన్న గట్టు మీదకు పిల్లలను తీసుకుపోవద్దు. బడి స్థలం, పంచాయతీ స్థలం, లేదా ఇరువైపుల రైతులూ సంతోషంగా ఒప్పుకున్న పొలం చాలు. హద్దు రాయిని చూపించాలి, ముట్టుకోకూడదు. దాన్ని కదిలించడం నేరమని కూడా చెప్పాలి. పిల్లలు గీసిన పటం సర్వేయరు పటానికి బదులు కాదు. కోర్టులో అది చెల్లదు. ఆ పటం చూసి పెద్దవాళ్లు సరైన ప్రశ్న అడగగలిగితే దాని పని అయినట్టే.

మన శాఖలు చేయాల్సింది

ప్రతి గ్రామ శాఖ తన గ్రామ పటం నకలు ఒకటి సంపాదించి బడికి ఇవ్వాలి. లింకులు, మీటర్లు, సెంట్లు, గుంటల మార్పిడి పట్టిక పెద్ద అక్షరాలతో రాయించి పంచాయతీలోనూ బడిలోనూ పెట్టించాలి. రిటైరైన సర్వేయర్లు, గొలుసు పట్టిన పాత చైన్‌మన్లు ఊళ్లో ఉంటే ఒక రోజు బడికి పిలవాలి. కాగితం మీద లేని చాలా విషయాలు వాళ్ల చేతుల్లో ఉన్నాయి. రీసర్వే నోటీసో, భూసేకరణ నోటీసో ఊరికి వచ్చిన రోజు హైస్కూలు పిల్లలతో కలిసి కూర్చొని పటాలు చదివే ఏర్పాటు చేయాలి. గడువు తేదీ ముందుగా గోడ మీద రాయాలి.

ఈ పని ఖర్చుతో కూడింది కాదు, ఒక్క రోజులో అయ్యేదీ కాదు. ఈ విద్యా సంవత్సరంలో ఒక్కో మండలంలో కనీసం ఒక్క బడిలో మొదలు పెట్టి, పిల్లలు గీసిన పటాలను వచ్చే శిక్షణ తరగతికి తీసుకురావాలని కోరుతున్నాం. ఉపాధ్యాయ మిత్రులు ఏయే రోజులు వీలవుతుందో చెబితే టేపులు, కర్రలు, మనుషులు మా వైపు నుంచి సిద్ధంగా ఉంటాయి.